కదలకండి... ఇంకొక్కటి!

ఫొటో బాగా వచ్చిందో లేదో తెలియాలంటే ఒకప్పుడు రీలు కడిగేదాకా ఆగాలి. ఫిల్మునీ డిజిటల్‌నీ ఒకే డబ్బాలో కూర్చిన కెమెరాలు ఆ సంగతి అక్కడికక్కడే చెప్పాలని చూశాయి. మూసుకున్న కళ్లని చూపించడం వాటికి సులువే. ఫొటో కదిలిందని కనిపెట్టడమే కష్టమైంది!

ముప్ఫయ్యారు ఫొటోల రీలు. మేనమామ పెళ్లికి పన్నెండు, తిరుపతి ప్రయాణానికి పది, మిగతావి చంటిదాని పుట్టినరోజుకి. లెక్క తప్పకుండా ఖర్చుపెట్టాలి. రీలు అయ్యేదాకా కెమెరా బీరువాలోనే. అయ్యాక స్టూడియోలో ఇస్తే మూడు నాలుగు రోజులకి కవరు చేతికొచ్చేది. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ మంచం మీద చేరిపోయేవాళ్లు. ఒక ఫొటోలో బాబాయి కళ్లు మూసుకున్నాడు. ఇంకోదాంట్లో పెళ్లికొడుక్కి అడ్డంగా ఎవరిదో వీపు. అవన్నీ నవ్వుకోడానికి పనికొచ్చేవి.

నవ్వు రానిది ఒకటుండేది. తాతయ్యనీ నాయనమ్మనీ మధ్యలో కుర్చీల్లో కూర్చోబెట్టి కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ అల్లుళ్లూ మనవలూ చుట్టూ చేరిన ఫొటో. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి. అందరూ నవ్వుతూనే ఉన్నారు. కానీ ప్రతి ముఖానికీ రెండేసి అంచులు! మీట నొక్కినప్పుడు చెయ్యి కదిలింది.

అలాంటిది ఒకటైనా లేని ఆల్బమ్ ఆ రోజుల్లో అరుదు. కవరు విప్పేసరికే అల్లుళ్లు ఉద్యోగాలకి వెళ్లిపోయారు. పిల్లలకి బడులు తెరిచారు. మళ్లీ అంతమందీ ఒకచోట చేరేదెప్పుడు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నిజానికి ఫొటో కదలడం పెద్ద నష్టమేం కాదు. తీసిన మరుక్షణం తెలిస్తే ‘కదలకండి, ఇంకొక్కటి’ అంటే సరిపోయేది. ఆలస్యంగా తెలియడమే అసలు నష్టం.

చూసే క్షణం వేరు... పడే క్షణం వేరు

ఫొటో ఎందుకు కదులుతుంది? షట్టరు తెరుచుకున్నంతసేపూ పడ్డ వెలుగునంతా ఫిల్ము ఒకదాని మీద ఒకటి కూడబెట్టుకుంటుంది. సెకనులో ముప్ఫయ్యో వంతు తెరిచి ఉంచితే, ఆ కాసేపట్లో మామూలుగా నడిచే మనిషి దాదాపు అయిదు సెంటీమీటర్లు జరిగిపోతాడు. ఆ అయిదు సెంటీమీటర్ల పొడవునా అతని ముఖం ఫిల్ము మీద పులుముకుంటుంది. మనిషి కదలకపోయినా కెమెరా పట్టుకున్న చెయ్యి వణికితే మొత్తం దృశ్యమే పులుముకుంటుంది. ఎండలో షట్టరు తెరిచి ఉండేది చాలా తక్కువసేపు కాబట్టి ఇబ్బంది లేదు. దీపాల వెలుగులో, పందిరి నీడలో, సాయంత్రం వేళ... అంటే ఇళ్లలో శుభకార్యాలు జరిగే చోటల్లోనే ఈ బెడద ఎక్కువ.

ఇందులో ఒక చిత్రం ఉంది. పెద్ద ఫొటోగ్రాఫర్లు వాడే ఎస్సెల్లార్ కెమెరాలో కంటికి కనిపించేది లోపలి అద్దం మీద నుంచి వచ్చే బొమ్మ. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది. వెలుగు ఫిల్ము మీద పడుతుంది, వ్యూఫైండర్ చీకటైపోతుంది. అంటే, ఏ క్షణం ఫిల్ముకెక్కిందో సరిగ్గా ఆ క్షణాన్నే ఫొటోగ్రాఫర్ చూడలేడు!

సినిమా వాళ్లకీ ఇదే తంటా. ఫిల్ము రోజుల్లో కెమెరాకి చిన్న వీడియో కెమెరా తగిలించి దర్శకుడి ముందు మానిటర్ పెట్టేవాళ్లు. ఒకరకంగా అదీ ఫిల్మూ ఎలక్ట్రానిక్సూ కలిసిన కెమెరానే. కానీ అద్దంతో తిరిగే షట్టరున్న కెమెరాల్లో ఫిల్ము ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి జరిగే వేళలోనే వెలుగు మానిటర్ వైపు వెళ్లేది. ఫిల్ము మీద బొమ్మ పడే వేళ అటు చీకటి. నటుడు ఎటు నడిచాడో, ఫ్రేములో ఎవరున్నారో మానిటర్ చెప్పేది. బొమ్మ ఎంత స్పష్టంగా పడిందో తేలేది మాత్రం ల్యాబు నుంచి రషెస్ వచ్చాకే.

స్టూడియో ఫొటోగ్రాఫర్లు ఇంకో ఉపాయం చేసేవాళ్లు. ఖరీదైన కెమెరాకి పోలరాయిడ్ వెనకభాగం తగిలించి ముందు ఒక ఇన్‌స్టంట్ ఫొటో తీసి చూసుకునేవాళ్లు. లైటింగ్ సరిపోయిందా, అంతా కుదిరిందా అని పరీక్ష. కుదిరాకే అసలు ఫిల్ము. అయితే పరీక్ష ఫొటోలో కదలనివాడు అసలు ఫొటోలో కదలడని హామీ ఎక్కడిది?

రెండు కళ్ల కెమెరా

మీట నొక్కిన క్షణాన్నే చూడగలిగే రెండో కన్ను కెమెరాలో ఉంటే? ఆ పని చెయ్యగల సరంజామా అమెరికాలోని రోచెస్టర్‌లో, కొడాక్ కంపెనీ దగ్గర ఎప్పటినుంచో ఉంది. అక్కడి ఇంజినీరు స్టీవెన్ శాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశారు. దాంట్లో బొమ్మంటే నిలువుకి వంద, అడ్డానికి వంద చుక్కలు. ఆ ఒక్క బొమ్మని క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. కానీ కొడాక్ సంపాదనంతా ఫిల్ము మీద, దాన్ని కడిగే రసాయనాల మీద, ప్రింటు కాగితం మీద. ఆ ఇల్లు కూలకుండానే కొత్త గది కట్టుకోవాలన్నది కంపెనీ ఆరాటం.

1996లో కొడాక్, ఫుజీ, కెనాన్, నికాన్, మినోల్టా కలిసి ఏపీఎస్ అనే కొత్త రకం ఫిల్ముని మార్కెట్లోకి తెచ్చాయి. మామూలు రీలు కన్నా చిన్నది. ఫొటో సమాచారాన్ని రాసుకోడానికి ఫిల్ము మీదే సన్నని అయస్కాంత పూత ఉండేది. కొడాక్ తన ఫిల్ముకి అడ్వాంటిక్స్ అని పేరు పెట్టింది. ఆ వరసలో వచ్చిందే ‘అడ్వాంటిక్స్ ప్రివ్యూ’ కెమెరా. ఇందులో ఫొటో పడేది ఫిల్ము మీదే. కానీ అదే సమయానికి పక్కనున్న డిజిటల్ సెన్సర్ కూడా ఒక బొమ్మ తీస్తుంది. వెనకనున్న చిన్న రంగుల తెర మీద చూపిస్తుంది. నచ్చితే ఎన్ని ప్రింట్లు కావాలో అక్కడే చెప్పొచ్చు.

కళ్లు మూసుకున్న బాబాయి ఇక ఇక్కడే దొరికిపోతాడు. అడ్డం వచ్చిన వీపూ దొరికిపోతుంది. ‘ఇంకోటి తీద్దాం’ అనడానికి అందరూ ఎదురుగానే ఉన్నారు. మరి కదిలిన ఫొటో?

గోరంత తెర... జానెడు ప్రింటు

అక్కడే వచ్చింది చిక్కు. ఏపీఎస్ ఫిల్ము మీద ఫ్రేము వెడల్పు 30 మిల్లీమీటర్లు. మీట నొక్కేటప్పుడు చెయ్యి వణికి, ఫిల్ము మీద బొమ్మ మిల్లీమీటరులో పదో వంతు జరిగిందనుకుందాం. తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దదైన ఆ తెర మీద ఆ జరుగు ఒక చుక్కంత కూడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కంటికి ఆనదు. తెరలో బొమ్మ నిగనిగలాడుతూ కనిపిస్తుంది.

అదే ఫ్రేముని నాలుగుకి ఆరు అంగుళాల ప్రింటు వేస్తే ఆరు రెట్లు పెద్దదవుతుంది. పదో వంతు కాస్తా 0.6 మిల్లీమీటర్లవుతుంది. ఏపీఎస్‌లో పొడవాటి పనోరమా ప్రింటు కూడా ఉండేది. అది ఎనిమిది రెట్లకు పైనే. అక్కడ జరుగు 0.8 మిల్లీమీటర్లు దాటుతుంది. చేతిలో పట్టుకుని చూసే ఫొటోలో మిల్లీమీటరులో అయిదో వంతు పులుముకున్నా కంటికి ‘ఏదో తేడాగా ఉందే’ అనిపిస్తుంది.

కాబట్టి తెర చూపించే బొమ్మ నిజమే, అది ఇచ్చే ధైర్యమే అబద్ధం. తెర లేని కెమెరాతో అయితే ఎందుకైనా మంచిదని రెండోది తీసేవాళ్లు. తెర మీద బాగా కనిపించాక ఆ జాగ్రత్త కూడా పోతుంది. అందుకే చూపించడం ఒక్కటే చాలదు. కదలికని కెమెరా తనంతట తానే పసిగట్టి చెప్పాలి.

మొదట్లో ఒకటి... చివర్లో ఒకటి

ఎలా పసిగట్టాలి? తీసిన బొమ్మలో అంచులు పదునుగా ఉన్నాయో లేదో లెక్కగట్టడం ఒక దారి. చీర జరీ అంచు, కళ్లద్దాల ఫ్రేము, తలుపు చట్రం... వెలుగూ నీడా చటుక్కున మారే చోట్లు ఎన్ని ఉన్నాయో చూస్తే సరి. కానీ పొగమంచులో కొండనో, సున్నం వేసిన గోడనో తీస్తే అసలు అంచులే ఉండవు. కదలకపోయినా కదిలిందంటుంది. పైగా రెండో కన్ను తీసేది తక్కువ చుక్కల బొమ్మ. ఫిల్ము మీది సన్నటి పులుము దాంట్లో ఇంకిపోతుంది.

కెమెరా వణుకుని నేరుగా కొలిచే పరికరం పెట్టడం ఇంకో దారి. గైరో అంటారు. కెనాన్ 1995లో అలాంటి పరికరంతో వణుకుని సరిదిద్దే లెన్స్ తెచ్చింది. అయితే గైరోకి తెలిసేది కెమెరా కదలికే. ఎదురుగా ఉన్న పిల్లాడు ఎగిరి గంతేస్తే దానికేం తెలుస్తుంది?

ఫిల్మూ డిజిటలూ కలిసిన కెమెరాల్లో మూడో దారి ఉంది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఫిల్ము షట్టరు తెరుచుకునే వేళ డిజిటల్ సెన్సర్ ఒక బొమ్మ చకచకా తీస్తుంది. షట్టరు మూసుకునే వేళ ఇంకోటి. రెంటినీ పక్కపక్కన పెట్టి ‘తేడాలు కనుక్కోండి’ ఆట ఆడుతుంది. ఆదివారం అనుబంధాల్లో పిల్లలు ఆడే ఆటే!

బొమ్మని చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. మొదటి బొమ్మలో ఒక గడిని తీసుకుని రెండో బొమ్మ మీద అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ అతుకుతుందో చూస్తారు. జరపకుండానే అతికితే కదలిక లేనట్టే. రెండు చుక్కలు కుడికి జరిపితే అతికిందంటే అంతమేర కదిలినట్టు. అన్ని గళ్లూ ఒకే వైపు ఒకేలా జరిగితే వణికింది చెయ్యి. మధ్యలో నాలుగు గళ్లే జరిగి మిగతావి ఉన్నచోటే ఉంటే కదిలింది మనిషి. తేడా ఒక హద్దు దాటితే తెర మీద హెచ్చరిక వెలుగుతుంది. రెండు బొమ్మలూ మసగ్గా ఉన్నా ఫర్వాలేదు. ఎంత స్పష్టంగా ఉన్నాయన్నది ప్రశ్నే కాదు, ఒకదాన్నుంచి ఒకటి ఎంత జరిగాయన్నదే లెక్క. జరిగిన దూరాన్ని ఒక చుక్కలో కొంత భాగం దాకా కూడా అంచనా కట్టొచ్చు. కంటికి ఆనని వణుకు అలా లెక్కకి దొరుకుతుంది.

నాన్నా పులి!

దొరకనివీ ఉన్నాయి. చెయ్యి ఒకవైపు వణికి మళ్లీ సరిగ్గా ఉన్నచోటికే వచ్చిందనుకోండి. మొదటి బొమ్మా చివరి బొమ్మా ఒకేలా ఉంటాయి. మధ్యలో జరిగింది మాత్రం ఫిల్ముకెక్కిపోతుంది. అప్పుడు రెండు బొమ్మలు చాలవు, మధ్యలో ఇంకొన్ని కావాలి. ఫ్లాష్ వెలిగితే ఒక బొమ్మలో వెలుగూ ఇంకో బొమ్మలో చీకటీ ఉంటాయి. చీకట్లో సెన్సర్ బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి. ఆ తేడాలనే కదలిక అనుకునే ప్రమాదం ఉంది. వెనక గోడకి ఫ్యాను తిరుగుతున్నా, పందిట్లో తోరణం ఊగుతున్నా హెచ్చరిక వెలగొచ్చు. వాటి పులుముతో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒక్కోసారి కదలికే అందం. పరుగెత్తే ఎడ్లబండితో పాటు కెమెరాని తిప్పుతూ తీస్తే బండి నిలకడగా, వెనక చెట్లన్నీ గీతలుగా పడతాయి. వేగమంతా ఆ గీతల్లోనే ఉంటుంది. సినిమాలో అయితే ప్రతి ఫ్రేములోనూ కొంత పులుము ఉండాల్సిందే. లేకపోతే పరుగు తెర మీద తడబడుతూ కనిపిస్తుంది.

ప్రతిదానికీ హెచ్చరిస్తే కథలో ‘నాన్నా పులి’ కుర్రాడి గతే కెమెరాకీ పడుతుంది. నాలుగుసార్లు ఊరికే అరిస్తే అయిదోసారి ఎవరూ పట్టించుకోరు. అసలే హెచ్చరించకపోతే ఉండీ ఉపయోగం లేదు. హద్దు ఎక్కడ గియ్యాలన్నదే ఇంజినీర్ల తలనొప్పి.

గోడకెక్కే ఫొటో

ఆ హద్దు గియ్యడానికి ఫొటో ఎంత పెద్దది చేస్తారో ముందే తెలియాలి. మీట నొక్కే రోజున అదెవరికి తెలుసు?

స్టూడియోలు నడిపేవాళ్లకి పరిచయమైన సందర్భం ఒకటుంది. ఇంట్లో పెద్దావిడ కన్నుమూస్తుంది. దినాల్లోగా ఫొటో కట్టించాలి. ఆవిడ ఎప్పుడూ కెమెరా ముందు ఒంటరిగా నిలబడలేదు. ఉన్నదల్లా ఏదో పెళ్లిలో పదిమందితో దిగిన గ్రూప్ ఫొటో. కొడుకు ఆ నెగెటివ్ పట్టుకుని స్టూడియో మెట్లెక్కుతాడు. ‘అమ్మ ఒక్కదాన్నీ తీసి పెద్దది చెయ్యాలండీ’ అంటాడు.

అయిదు మీటర్ల వెడల్పున నిలబడ్డ కుటుంబం మామూలు రీలు మీద 36 మిల్లీమీటర్లలో ఇమిడిపోతుంది. అందులో ఒక ముఖం ఎత్తు మిల్లీమీటరున్నర. గోడ ఫొటోలో ముఖం పది సెంటీమీటర్లుండాలంటే అరవై రెట్లకు పైగా పెంచాలి. తీసిననాడు చెయ్యి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వణికి ఉంటే, పోస్టుకార్డు సైజు ఫొటోలో ఎవరికీ తెలియలేదు. గోడ మీద మాత్రం అది మూడు మిల్లీమీటర్లు. ఆ ముఖంలో కంటి నల్లగుడ్డే అయిదు మిల్లీమీటర్లుంటుంది. అమ్మ చూపు చెదిరిపోతుంది.

పాతికేళ్ల కిందట ఒక పందిట్లో జరిగిన ఆ ఇరవయ్యో వంతు కదలిక ఆ రోజున లెక్కకే రాదు. ఏ కెమెరా హెచ్చరించినా ‘ఫర్వాలేదులే’ అనేవాళ్లు. ఫొటో విలువ తీసినరోజున తెలియకపోవడం వల్లే ఈ చిక్కంతా.

వణుకే ఆధారమైతే...

కదిలిన ఫొటోని తర్వాతైనా బాగుచెయ్యగలమా? 2003లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మోషే బెన్-ఎజ్రా, శ్రీ నాయర్ దీనికో దారి చూపించారు. ఇక్కడ ‘శ్రీ’ గౌరవానికి పెట్టింది కాదు, ఆయన పేరే. రాంచీ దగ్గరి మెస్రా బిట్‌లో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన ప్రొఫెసర్ ఆయన. వాళ్ల కెమెరాలోనూ రెండు కళ్లే. ఒకటి నిదానంగా, ఎక్కువ చుక్కలతో అసలు ఫొటో తీస్తుంది. రెండోది తక్కువ చుక్కలతో, వేగంగా, వీడియోలా వరసగా బొమ్మలు తీస్తూ పోతుంది.

ఆ వరస బొమ్మల్ని బట్టి చెయ్యి ఏ దారిలో వణికిందో గీత గీసినట్టు తెలుస్తుంది. ఆ దారి తెలిస్తే పులుముకున్న ఫొటోని లెక్కల సాయంతో వెనక్కి విప్పొచ్చు. చిక్కుపడ్డ దారం కొస దొరికినట్టు! ‘కదిలింది’ అని చెప్పడంతో ఆగకుండా ‘ఇలా కదిలింది’ అని రాసిపెట్టుకోవడమే దీని కిటుకు. కానీ విప్పడానికీ హద్దుంది. పులుములో పూర్తిగా కలిసిపోయిన సన్నటి వివరం తిరిగి రాదు. ఇప్పటి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు అలాంటి ముఖాల్ని కూడా నిగనిగలాడేలా చేసిస్తున్నాయి. వాటిలో కొంత ఊహే. అమ్మ కళ్ల చుట్టూ ముడతలు ఎన్నో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు కదా.

మళ్లీ ఫిల్ము... మళ్లీ రెండు కళ్లు

అడ్వాంటిక్స్ కథ ఎక్కువకాలం సాగలేదు. డిజిటల్ కెమెరాలు చవకయ్యేకొద్దీ సగం ఫిల్ము, సగం డిజిటల్ ఎవరికి కావాలి? ఏపీఎస్ ఫిల్ము తయారీ 2011లో ఆగిపోయింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఆ కెమెరా అడిగిన ప్రశ్న మాత్రం బతికే ఉంది. ఫోన్లు ఒక్క నొక్కుకి వరసగా చాలా బొమ్మలు తీసి, వాటిలో తక్కువ కదిలినదాన్ని ఆధారంగా తీసుకుని మిగతావి దానికి అతుకుతున్నాయి. గళ్లు జరిపి పోల్చే ఆటే ఇక్కడా నడుస్తోంది.

ఫిల్ము కూడా ఇంకో రూపంలో తిరిగొచ్చింది. ఫుజీ 2021లో తెచ్చిన ఇన్‌స్టాక్స్ మినీ ఎవో కెమెరా ముందు డిజిటల్‌గా తీస్తుంది. తెర మీద చూసి నచ్చినదాన్నే ఇన్‌స్టంట్ ఫిల్ము మీద వేసుకోవచ్చు. దాని తెర మూడంగుళాలు. ఫిల్ము మీద పడే బొమ్మ కూడా దాదాపు అంతే. తెరకీ ప్రింటుకీ మధ్య పాతకాలపు దూరం ఇక్కడ లేదు. చూసిందే చేతికొస్తుంది. ఫిల్ము వృథా కాకముందే తెలుస్తుంది. ఆ ఫైలుని రేపెప్పుడో గోడంత చేస్తే మాత్రం మళ్లీ పాత కథే.

కదిలిందా... ఫోకస్ తప్పిందా?

ఏ కెమెరాతో తీసినా కంటితో పట్టుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. తెర మీద బొమ్మని పెద్దది చేసి ముందు మెరిసే చుక్క కోసం వెతకాలి. కంట్లో మెరుపు, ముక్కుపుడక రాయి, దీపం మొన... ఏదైనా సరే. చుక్క గీతలా సాగితే కదిలినట్టు. గుండ్రంగా ఉబ్బి మెత్తబడితే ఫోకస్ తప్పినట్టు. గోడగడియారం, తలుపు అంచు కూడా అదే వైపు సాగితే వణికింది చెయ్యి. అవి పదునుగా ఉండి మనిషి ఒక్కడే సాగితే కదిలింది అతనే.

మందూ దాన్ని బట్టే. చెయ్యి వణికితే మోచేతులు ఒంటికి ఆనించి, గోడకో స్తంభానికో చేరబడి తియ్యాలి. మీటని పొడిచినట్టు కాకుండా మెత్తగా నొక్కాలి. మనిషి కదిలితే ఎంత గట్టిగా పట్టుకున్నా లాభం లేదు. వెలుగు పెంచాలి, లేదా షట్టరు వేగం పెంచాలి.

గ్రూప్ ఫొటో అయితే ఇంకొక్క పని. మధ్యలో ఉన్నవాళ్లని కాకుండా కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ల కళ్లని పెద్దది చేసి చూడాలి. రేపు గోడకెక్కేది ఆ ముఖమే కావచ్చు. రెండు సెకన్లు పట్టే పని. తర్వాత బంతి భోజనాలకి వడ్డిస్తున్నారన్న పిలుపు వినిపించకముందే చేసెయ్యాలి!